మా ఊరి గుండిగ కోసం బెజవాడ

"తాడెందుకు వదినా?"

"గుండిగని కట్టడానికి."

"మనకెవరిస్తారని?"

"మనది మనకివ్వడానికి ఇంకొకళ్ల పర్మిషనేంటి?"

"ఇచ్చారే అనుకో, బస్సు ఎలా ఎక్కిస్తావు? దానికీ ఆధార్ కార్డు అడుగుతారు."

"అయితే నీ నడుముకి కట్టి బందరు రోడ్డంతా లాగిస్తా. పద, బస్సొచ్చింది."

పామర్రు బస్టాండులో పొద్దున్నే ఇదీ మా గొడవ. సోడా బండి దగ్గర నిలబడ్డవాళ్లు నవ్వుకుంటూ చూస్తున్నారు. రత్తమ్మ వదిన మా ఆయనకి పెద్దక్క. ఎనభై దాటింది. భర్త పోయాక పుట్టింటికే వచ్చేసింది. మా ఆయన కూడా పోయాడు కాబట్టి ఇప్పుడు ఆ ఇంట్లో ఆవిడా నేనూ పోట్లాడుకుంటూ ఉంటాం. ఆవిడ చంకలో కొబ్బరితాడు చుట్ట, రెండు గోనెసంచులు. నేను పెరుగన్నం డబ్బా, మంచినీళ్ల సీసా పట్టుకున్నాను. బయట నీళ్ల సీసా ఇరవై రూపాయలు. నీళ్లకి ఇరవై ఇవ్వడం నావల్ల కాదు.

ఎందుకు బయల్దేరామో ముందు చెప్పాలి.

గుండిగ సంగతి

మా ఊరు పామర్రుకి దగ్గర. పేరు రాయొద్దంది వదిన, రాయను. తెల్లదొరల కాలంలో, దేశమంతా వాళ్లని వెళ్లిపొమ్మని లేచిన రోజుల్లో, మా మామగారు కాలవ గట్టు మీది టెలిగ్రాఫు తీగ తెంపాడు. అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. తెంపి చేలల్లో దాక్కున్నాడు. పోలీసులు వచ్చి ఎవడు చేశాడని అడిగారు. ఊరు నోరు విప్పలేదు. దాంతో ఊరంతటి మీదా జుల్మానా వేశారు. కట్టడానికి ఎవరి దగ్గరా లేదు. అందుకని ఇంటింటికీ దూరి బిందెలు, కాగులు, చెంబులు జప్తు చేసి ఎడ్లబండి మీదికెక్కించారు. పెళ్లిళ్లకి అన్నం వండే ఊరుమ్మడి ఇత్తడి గుండిగ కూడా ఆ బండిలోనే పోయింది.

బండి పొలిమేర దాటాక మామగారు వచ్చి లొంగిపోయాడు. వీపు మీద కొరడా దెబ్బలు, ఆపైన రాజమండ్రి జైలు. వదిన ఆయన జైల్లో ఉండగానే పుట్టింది.

దొరలు వేసిన శిక్ష అక్కడితో అయిపోయింది. ఊరు వేసింది అవలేదు. మా వైపు ఊరి భోజనాలు బంతులుగా జరుగుతాయి. ఒక వరస తిని లేచాక ఇంకో వరస కూర్చుంటుంది. మామగారు జైలు నుంచి వచ్చాక జరిగిన మొదటి పెళ్లిలో పక్క ఊరి గుండిగ అరువు తెచ్చి వండారట. ఆయన విస్తరి ముందు కూర్చోబోతే ఎవరో "అందరూ అయ్యాక కూర్చోవయ్యా" అన్నారట. అంతే. ఆ రోజు నుంచి మా ఇంటిది చివరి బంతి. నేను కాపరానికొచ్చిన కొత్తలో శ్రీరామనవమి పందిట్లో కూర్చోబోతుంటే మా అత్తగారు పమిట పట్టి లాగింది. "మనం చివర," అంది. ఎందుకని అడగడానికి కూడా భయమేసింది.

వదిన పెళ్లయి వెళ్లి, మళ్లీ వచ్చి, ఈ వయసులో కూడా ఊరందరూ చేతులు కడుక్కున్నాకే కూర్చుంటుంది. ఎదురింటి రాఘవయ్య ఆవిడ ఈడువాడే. వాళ్ల ఇంటి కాగులూ ఆ బండిలోనే పోయాయి. ఎప్పుడన్నా మాటా మాటా వస్తే "మీ నాన్న తెగించాడు, మా అమ్మ మట్టికుండలో వండింది" అంటాడు.

ఈ ఏడు మినుములు అమ్మడానికి బెజవాడ వెళ్లిన మా ఊరి రైతు ఒకాయన వన్ టౌన్లో ఒక సత్రంలో భోంచేసి వంటింట్లో గుండిగ చూశాడు. అంచు మీద మా ఊరి పేరుంది. ఫోన్లో ఫోటో తీసుకొచ్చి చూపించాడు. వదిన ఆ ఫోనుని కళ్లద్దాలకి ఆనించుకుని చూసి ఒకే మాటంది.

"ఈ నవమికి దాన్ని తెచ్చి పందిట్లో దింపుతా. దింపి మొదటి బంతిలో కూర్చుంటా. చచ్చేలోపు ఒక్కసారి."

నవమికి ఇంకా రెండు రోజులే ఉంది. అందుకే ఆ తాడు.

బస్సులో

ఇప్పుడు ఆడవాళ్లకి టికెట్ లేదు, కార్డు చూపిస్తే చాలు. నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది. వదిన కంగారులో నా కార్డు తీసి ఇచ్చింది, నేను ఆవిడది ఇచ్చాను. కండక్టర్ రెండూ తిప్పి తిప్పి చూశాడు.

"ఇదేంటి మామ్మగారూ, మీరు పామర్రులో ఎక్కేసరికి పదేళ్లు తగ్గారు?"

"ఉయ్యూరు దాటేసరికి ఇంకో పది తగ్గుతా. నీకేమన్నా సంబంధం చూడాలా?" అంది వదిన. బస్సంతా నవ్వు.

మా పక్క సీటులో ఒక పోలీసు పిల్ల కూర్చుంది. పాతికేళ్లుంటాయి. ఖాకీ బట్టల్లో, జడ లోపలికి మడిచి పిన్నులు పెట్టుకుని, జామకాయ కొరుక్కుంటూ డ్యూటీకి వెళ్తోంది. వదిన ఆ పిల్లనే చూస్తోంది. ఉయ్యూరు దగ్గర చెరకు లారీలు అడ్డమొచ్చి బస్సు ఆగింది. ఫ్యాక్టరీ నుంచి పాకం మాడిన వాసన. అప్పుడు అడిగింది.

"అమ్మాయ్, మీరిప్పుడు కూడా గిన్నెలు పట్టుకుపోతారా?"

"గిన్నెలెందుకు అమ్మమ్మా, బైకులు పట్టుకుపోతాం," అని నవ్వింది ఆ పిల్ల.

"ఒకడు తప్పు చేస్తే ఊరందరికీ శిక్ష వేస్తారా?"

"లేదమ్మమ్మా. ఎవడు చేస్తే వాడికే. చట్టం ఒప్పుకోదు."

"మరి తండ్రి చేస్తే కూతురికో?"

పోలీసు పిల్ల నా వైపు చూసింది. నేను కిటికీ వైపు తిరిగాను. ఆ పిల్ల సంచీలోంచి ఇంకో జామకాయ తీసి వదిన చేతిలో పెట్టింది. వదిన దాన్ని కొంగుతో తుడిచి కొరికింది. పళ్లు నాలుగే ఉన్నాయి గానీ కాయంతా తినేసింది.

వన్ టౌన్

బస్టాండు నుంచి ఆటో వంద అన్నాడు. నేను నలభై అన్నాను. "నలభైకి నడిచే రండి మామ్మా" అన్నాడు. వదిన నడవలేదు కాబట్టి అరవైకి ఒప్పుకున్నాను. మనసు ఒప్పుకోలేదు.

అంత ఇరుకు వీధుల్లో అంత సరుకు నేనెప్పుడూ చూడలేదు. ఒక వీధంతా ఎండుమిరపకాయలు, దాటేలోపు ఎన్ని తుమ్ములు తుమ్మామో! తర్వాతి వీధంతా స్టీలు సామాను, పైనుంచి కింద దాకా బిందెల దండలు. మా ఊళ్లో ఒక బిందె కొంటే నలుగురం వెళ్లి చూసొస్తాం. ఇక్కడ వంద బిందెలు తోపుడుబండి మీద పోతున్నా తలెత్తి చూసేవాడు లేడు. ఒక బండి మీద డబ్బాల మోపు జారిపోతుంటే హమాలీ చేతులడ్డం పెట్టి "తాడు, తాడు" అని అరుస్తున్నాడు. వదిన చంకలో చుట్ట తీసి ఇచ్చేసింది. అతను గబగబా కట్టుకుని "మళ్లీ ఇస్తానమ్మా" అంటూ జనంలో పడిపోయాడు. ఇంక కనపడలేదు. కొత్త తాడు! నాకు ప్రాణం ఉసూరుమంది.

సత్రం ఎక్కడని అడిగితే తలా ఒక దిక్కు చూపించారు. కనుక్కునేసరికి మధ్యాహ్నం భోజనాలు అయిపోయి వంటిల్లు తాళం వేశారు. వాకిట్లో కూర్చున్న గుమాస్తా "రేపు రండి, వంటావిడ పొద్దునొస్తుంది" అన్నాడు. పడుకోవడానికి హాల్లో ఒక మూల చాప వేసుకోమన్నాడు. దానికి ఏమీ తీసుకోలేదు. పెరుగన్నం తిన్నాం. సాయంత్రం వదిన పునుగులు కావాలంది. ప్లేటు ముప్ఫై. చేతికి అయిదో ఆరో వచ్చాయి. చట్నీ మటుకు బాగుంది, అల్లం ఎక్కువ వేశారు.

బ్యారేజీ దగ్గర

చల్లబడ్డాక కృష్ణ ఒడ్డుకి వెళ్లాం. నేను కృష్ణని చూడటం మొదటిసారి కాదు. కానీ పుష్కరాల తొక్కిసలాటలో చూడటం వేరు, ఇలా ఊరికే నిలబడి చూడటం వేరు. పైన కొండ మీద అమ్మవారి గుడి దీపాలు వెలిగాయి. కింద నీళ్లు ఒకపక్క కదలకుండా, ఇంకోపక్క బ్యారేజీ తలుపుల కింద నుంచి కాలవలోకి గిరగిరా తిరుగుతూ పోతున్నాయి. పక్కన చేపల వల ఆరేసుకుంటున్న ఒకతన్ని అడిగితే ఆ కాలవే మా వైపు వస్తుందన్నాడు. మా ఇంటి వెనక నేను బట్టలుతికే నీళ్లు ఇక్కడి నుంచి వస్తాయని తెలుసు. తెలియడం సరే, కళ్లతో చూస్తే ఒళ్లు జలదరించింది. ఇంత ఏరుని మనిషి ఆపగలిగాడా అనిపించింది. చేతులు వాటంతట అవే కలిశాయి.

"మొదట ఇక్కడ ఆనకట్ట కట్టింది తెల్లవాళ్లేనట," అన్నాను. "నీళ్లిచ్చిందీ వాళ్లే, గిన్నెలు పట్టుకుపోయిందీ వాళ్లే."

"నీళ్లు కృష్ణమ్మవి. వాళ్లిచ్చేదేంటి?" అంది వదిన. అని వంగి, మెట్టు మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టుకుంది.

వంటిల్లు

మర్నాడు పొద్దున వంటావిడ వచ్చింది. పేరు కనకమ్మ. అరవై ఏళ్లుంటాయి, మనిషి గట్టిది. ముందు ఆవిడ తండ్రి ఇక్కడ వంట చేసేవాడట. మేము ఫలానా ఊరని చెప్పగానే చేతిలో చేట కింద పెట్టేసింది.

"గుండిగ వాళ్లా అండీ? రండి, రండి లోపలికి."

అది పొయ్యి మీదే ఉంది. ఫోటోలో ఏదో పెద్ద గిన్నెలా కనపడింది గానీ, నా కళ్ల ముందున్నది వేరు. నా రెండు చేతులూ బార చాపినా మూతి చుట్టూ సగం కూడా రాలేదు. కింద భాగం నల్లగా గంగడోలులా ఉబ్బి ఉంది. పైన అంచు మటుకు బంగారంలా మెరుస్తోంది. నలుగురు మనుషులు చెవుల్లోంచి వాసం దూర్చి వంచి గంజి వార్చారు. ఆ ఆవిరిలో కాసేపు ఒకరికొకరం కనపడలేదు. వెదురు చాప మీద అన్నం కుమ్మరించేసరికి నా నడుమెత్తు కుప్ప అయింది. దాని మీద తడి గుడ్డ కప్పారు. మా పెళ్లిలో కూడా అంత అన్నం ఒక్కచోట చూడలేదు.

ఖాళీ అయిన గుండిగ చల్లబడ్డాక వదిన దగ్గరికెళ్లింది. అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలున్నాయి. నేను మూడో తరగతితో ఆపేసినదాన్ని, కూడబలుక్కుని చదివాను. ఊరి పేరు. పక్కన 'ఉమ్మడి' అని ఉంది. వేలు పెట్టి ఇంకోసారి చదివాను. ఇప్పుడు బతికున్నవాళ్లెవరూ మా ఊళ్లో చూడని వస్తువు. దాన్ని జప్తు చేసినవాళ్లు సముద్రం దాటి పోయారు. అది మాత్రం ఇక్కడ రోజూ ఉడుకుతోంది.

"ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా ఇది ఇక్కడ?" అని అడిగింది వదిన.

"మా నాన్న వచ్చేసరికే ఉందండీ. అప్పటి షావుకారు వేలంలో కొని, ఊరికే ఉంచడం ఎందుకని అన్నదానం మొదలుపెట్టాడంట. ఏటా ఎండాకాలం మీ ఊరి నుంచి ఒక తాతగారు వచ్చేవారు కదండీ తోమడానికి?"

"ఎవరు?" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"పేరు తెలీదండీ. నా చిన్నప్పుడు చూశాను. సన్నగా ఉండేవారు. చొక్కా విప్పితే వీపు మీద చారలుండేవి. చింతపండు, బూడిద తెచ్చుకుని లోపల కూర్చుని మరీ తోమేవారు. ఎవరు సాయమొస్తానన్నా చెయ్యి పడనిచ్చేవారు కాదు. ఒకసారి షావుకారుగారే అన్నారంట, నీ ఊరిదే కదా తీసుకుపోవయ్యా అని. వద్దన్నారంట. ఊళ్లో అయితే పెళ్లికో పబ్బానికో పొయ్యెక్కుతుంది, ఇక్కడ రోజూ ఎక్కుతోంది, ఉండనీ అన్నారంట. మా నాన్న ఆ మాట ఎన్నిసార్లు చెప్పేవాడో."

మామగారు ఏటా ఎండాకాలం కృష్ణలో మునకకని బెజవాడ వచ్చేవాడు. తిరిగొచ్చాక చేతులు నల్లగా, వేళ్లు పగిలి ఉండేవి. రైలు బొగ్గు అనుకునేవాళ్లం.

నాకైతే దణ్ణం పెట్టాలనిపించింది. "ఎంత మనిషి వదినా! ఒక్కడికి చెప్పలేదు," అన్నాను.

వదిన ఏడుస్తుందనుకున్నాను. ఆవిడకి కోపం వచ్చింది.

"అదే కదా, ఒక్కడికి చెప్పలేదు! గుండిగ ఫలానా చోట ఉందర్రా, వందల మందికి కూడు పెడుతోందర్రా అని ఊళ్లో ఒక్క మాట చెబితే ఏమయ్యేది? రాఘవయ్య నోరు మూతపడేది కాదా?"

"తనకి తాను వేసుకున్న శిక్ష అనుకున్నాడేమో వదినా."

"అయితే తనొక్కడే పడాలి. నాకెందుకు పంచాడు? మా అమ్మకెందుకు? నీకెందుకు? ఏడేళ్ల పిల్లని, బూరెలు అయిపోయాయమ్మా అంటే ఖాళీ విస్తరి చూసుకుంటూ కూర్చున్నా. ఆ పిల్ల ఏం తీగ తెంపింది?"

కనకమ్మ నెమ్మదిగా అంది, "మా ట్రస్టు వాళ్లని అడుగుతానండీ. మీరు కావాలంటే ఇచ్చేస్తారు, మంచివాళ్లు. వేరేది కొనుక్కుంటారు."

ఇంతలో బయట గంట కొట్టారు. హమాలీలు, బండ్లవాళ్లు, బిచ్చగాళ్లు, పరీక్షలకొచ్చిన పిల్లలు వరసగా వస్తున్నారు. ఇక్కడ విస్తళ్లు కావు, స్టీలు పళ్లాలు. ఎవరి పళ్లెం వాళ్లే కడుక్కోవాలి. మా ఊళ్లో అలా కడగమంటే అలిగి వెళ్లిపోతారు. ఎవడు ముందొస్తే వాడు ముందు కూర్చుంటున్నాడు. నిన్న మా తాడు పట్టుకుపోయినవాడు ఉన్నాడేమోనని నేను వెతికాను, లేడు.

వదిన చాలాసేపు ఆ వరసని చూసింది. తర్వాత నడుచుకుంటూ వెళ్లి ముందు వరసలో, ఇద్దరు హమాలీల మధ్య కూర్చుంది. పప్పు, దోసకాయ కూర, మజ్జిగ. కూర రెండోసారి అడిగి వేయించుకుంది. తిన్నాక పళ్లెం కడిగి కనకమ్మకిచ్చింది.

"ఎవరినీ అడగొద్దమ్మా. ఉండనీ."

"మరి నవమికి తీసుకెళ్తానన్నావు?" అన్నాను.

"తీసుకెళ్లి రేపు వండి, ఎల్లుండి అటక మీద పెడతాం. మళ్లీ పెళ్లొచ్చేదాకా బల్లులు గుడ్లు పెడతాయి." గోనెసంచులు రెండూ అక్కడే ఇచ్చేసింది. గిన్నెలు దించేటప్పుడు చేతులకి అడ్డం పెట్టుకొమ్మని.

తిరుగు ప్రయాణం

ఎండకి బస్సు రేకులు కాలుతున్నాయి. కంకిపాడులో మొక్కజొన్న పొత్తు కొన్నాను, పాతిక రూపాయలు. విరిచి సగం ఇచ్చాను.

"గుండిగ లేకుండా వెళ్తున్నాం. ఊళ్లో ఏం చెప్తావు?" అన్నాను.

"ఏం చెప్పాలి?"

"మీ నాన్న సంగతి. తోమిన సంగతి."

గింజలు ఒక్కొక్కటే వలిచి నోట్లో వేసుకుంటూ ఆలోచించింది. "ఆయన చెప్పుకోలేదుగా. నేను చెప్పి సర్టిఫికెట్ అడుక్కోవాలా?" అంది. "ఆయన మంచివాడని తేలితేనే నాకు ముందు విస్తరి వేస్తారంటే, ఆ విస్తరి నాకొద్దు. చెడ్డవాడైనా నేను తెంపలేదుగా తీగ."

ఆ మాట మీద చాలా దూరం ఆలోచించుకుంటూ కూర్చున్నాను. పామర్రు వచ్చినా లేవకపోతే కండక్టర్ పిలిచాడు.

నవమి రోజు

మర్నాడు సీతారాముల కల్యాణం అయ్యి పానకం పంచాక మొదటి బంతికి పిలిచారు. వదిన ఎవరితోనూ ఏమీ అనకుండా పందిట్లోకి వెళ్లి, మొదటి వరసలో మూడో విస్తరి ముందు కూర్చుంది. నేను అలవాటు కొద్దీ పందిరి రాట దగ్గరే ఆగిపోయాను.

వడ్డించే కుర్రాళ్లకి ఏ సంగతీ తెలిసినట్టు లేదు. నీళ్లు చల్లి, ఉప్పు వేసి, పచ్చడి వేసుకుంటూ పోయారు. ఎదురు వరసలో రాఘవయ్య కూర్చోబోతూ ఆగి చూశాడు. చేతికర్ర మీద వాలి అడిగాడు.

"ఏం రత్తమ్మా, ఇవాళ ముందే ఆకలేసిందా?"

"పుట్టినప్పటి నుంచీ వేస్తూనే ఉంది రాఘవయ్యా."

ఆయన కర్ర పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చుని, తన విస్తరి మీద నీళ్లు చల్లుకున్నాడు.

వదిన నా వైపు తిరిగి, పక్క విస్తరి మీద చెయ్యి వేసి ఉంచింది. "అక్కడేం కాపలా కాస్తున్నావు? రా."

వెళ్లి కూర్చున్నాను. అప్పుడే వార్చిన అన్నం తెచ్చి వేశారు. పొగలు వస్తున్నాయి. తొందరపడి చెయ్యి పెట్టి వేళ్లు కాల్చుకున్నాను. అది చల్లారేదాకా ఇద్దరం విస్తళ్ల ముందు కూర్చున్నాం.